నైటినాల్ తీగలు కట్టినా ఫ్రేమ్ ఊగుడు ఎందుకు తగ్గలేదు?

మీరు చెప్పిన అమరిక ఇది: మూడంతస్తుల స్టీల్ మోడల్ ఫ్రేమ్, ప్రతి అంతస్తులో మూల నుంచి మూలకి 0.5 మి.మీ. వ్యాసం ఉన్న సూపర్ ఎలాస్టిక్ (బాగా సాగదీసినా వదిలితే మళ్లీ మొదటి పొడవుకి వచ్చే) నైటినాల్ (నికెల్-టైటానియం మిశ్రలోహం) తీగలు, ఒక్కోటి 400 మి.మీ. పొడవు, అంతస్తుల మధ్య కదలిక 4 మి.మీ. ఊగే ఫ్రీక్వెన్సీ పెరిగింది కానీ డాంపింగ్ (శక్తి ఖర్చై ఊగుడు తగ్గడం) రాలేదు. తీగ నాసిరకమని అనుకునే ముందు ఈ లెక్క చూడండి.

45 డిగ్రీల వాలులో 4 మి.మీ. కదలికకి తీగ సాగేది 2.8 మి.మీ. అంటే 0.7 శాతం స్ట్రెయిన్ (పొడవుతో పోల్చిన సాగుడు). ఆస్టెనైట్ అనే స్ఫటిక దశలో నైటినాల్ దాదాపు 1 శాతం దాకా మామూలు స్ప్రింగే. అది దాటి, ఇంకో స్ఫటిక దశ అయిన మార్టెన్‌సైట్‌గా మారడం మొదలైతేనే హిస్టరిసిస్ లూప్ (సాగేటప్పుడు, వెనక్కి వచ్చేటప్పుడు బలం వేరుగా ఉండడం వల్ల గ్రాఫ్‌లో ఏర్పడే వలయం) తెరుచుకుని శక్తి ఖర్చవుతుంది. మీ తీగ ఆ గడప దాకా వెళ్లలేదు, ఫ్రేమ్‌ని బిగుతు చేసి ఊరుకుంది.

నైటినాల్‌ని 120 మి.మీ.కి కుదించి, మిగతా పొడవంతా స్టీల్ రాడ్ పెట్టండి. అప్పుడు అదే 2.8 మి.మీ. 2.3 శాతం అవుతుంది. బిగించేటప్పుడే 4.2 మి.మీ. సాగదీసి 3.5 శాతం ప్రీ-స్ట్రెయిన్ ఇస్తే తీగ 1.2 నుంచి 5.8 శాతం మధ్య ఆడుతుంది, రెండు వైపుల ఊగుడులోనూ ఎదురెదురు వాలుల్లో ఉన్న రెండు తీగలూ పనిచేస్తాయి. 6 శాతం దాటనివ్వకండి. 450 మెగాపాస్కల్ ఒత్తిడి దగ్గర ఒక్కో తీగలో లాగుడు సుమారు 88 న్యూటన్లు. మీ జాయింట్లు అది మోయగలవో లేదో ముందే చూసుకోండి.

కొత్త తీగను నేరుగా కట్టొద్దు. వాడబోయే ఉష్ణోగ్రతలోనే, మెల్లగా, 6 శాతం దాకా ఇరవై ముప్పై సార్లు సాగదీసి వదలండి. మొదటి సైకిళ్లలో ప్లేటో (దశమార్పు జరుగుతూ తీగ సాగేటప్పుడు దాదాపు మారకుండా ఉండే ఒత్తిడి) కిందికి జారుతుంది, కొంత శాశ్వత సాగుడు మిగులుతుంది. అది స్థిరపడ్డాకే పొడవు కొలిచి బిగించాలి. లేకపోతే ప్రీ-స్ట్రెయిన్ ఫ్రేమ్ మీదే కరిగిపోతుంది.

ఎక్కువ ప్రయోగాలు చెడేది తీగ చివర్ల దగ్గరే. సాగినప్పుడు తీగ సన్నబడుతుంది కాబట్టి సెట్ స్క్రూ పట్టు జారుతుంది. ఇంకా బిగిస్తే స్క్రూ నొక్కిన చోటే తెగుతుంది. ముడి వేయొద్దు. స్టీల్‌కి వెల్డింగ్ అసలే వద్దు: టైటానియం, ఇనుము కలిసి పెళుసు పొర ఏర్పడుతుంది, వేడికి పక్కనున్న తీగ గుణం కూడా మారుతుంది. నున్నటి పిన్ చుట్టూ మూడు చుట్లు తిప్పి, చివర చిన్న క్లాంప్ పెట్టడం మేలు. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే 88 న్యూటన్లలో క్లాంప్ దాకా వచ్చేది 2 న్యూటన్లే. పిన్ వ్యాసం 25 మి.మీ.కి తగ్గకూడదు, 10 మి.మీ. పిన్ మీద వంపు వల్లే దాదాపు 5 శాతం స్ట్రెయిన్ పడుతుంది. పిన్ మీద తీగ కొంచెం జరిగినా ఆ రాపిడి డాంపింగ్‌లా కనిపించి మోసం చేస్తుంది. అందుకే సాగుడును పిన్నుల మధ్య తీగ మీదే కొలవండి.

ఉష్ణోగ్రత సంగతి. ఒక్కో డిగ్రీకి ప్లేటో ఒత్తిడి 6 నుంచి 8 మెగాపాస్కల్స్ మారుతుంది. 20 డిగ్రీల తేడా అంటే 120 మెగాపాస్కల్స్ పైమాటే. తీగ ఏఎఫ్ ఉష్ణోగ్రత (వేడి చేస్తే పూర్తిగా ఆస్టెనైట్‌గా మారిపోయే ఉష్ణోగ్రత) గది ఉష్ణోగ్రతకి కనీసం 10–15 డిగ్రీలు కింద ఉండాలి. దగ్గరగా ఉంటే చల్లటి రోజున తీగ పూర్తిగా వెనక్కి రాదు, వదులైపోతుంది. వేగం కూడా ఇలాంటిదే: త్వరగా సాగితే దశమార్పు వేడి బయటికి పోదు, లూప్ సన్నబడుతుంది. యంత్రం మీద నిదానంగా గీసిన లూప్ చూసి 2–3 హెర్ట్జ్ దగ్గర డాంపింగ్ అంచనా వేస్తే ఎక్కువే వస్తుంది.

ఫ్రేమ్‌ని లాగి వదిలి కొలిచేటప్పుడు మొత్తం గ్రాఫ్‌కి ఒకే లాగరిథమిక్ డిక్రిమెంట్ (వరుస ఊగుళ్లు ఎంత త్వరగా తగ్గుతున్నాయో చెప్పే అంకె) తీయకండి. పెద్ద ఊగుళ్లు చప్పున పడిపోతాయి. కదలిక చిన్నదయ్యాక లూప్ మూసుకుపోయి తోక చాలాసేపు సాగుతుంది. మొదటి ఐదు సైకిళ్లు, చివరివి విడివిడిగా లెక్కించండి. ఆ తోకే మీ ఇబ్బంది అయితే నైటినాల్‌కి తోడు ఒక విస్కో ఎలాస్టిక్ ప్యాడ్ (చిన్న ఊగుళ్లలోనూ శక్తిని మింగే రబ్బరు లాంటి ప్యాడ్) కావాలి.

డాంపింగ్ ఒక్కటే లక్ష్యమైతే నేను నైటినాల్ ఎంచుకోను. సూపర్ ఎలాస్టిక్ తీగ ఇచ్చే సమాన డాంపింగ్ (మామూలు ద్రవ డాంపర్‌తో పోల్చి చెప్పే విలువ) సాధారణంగా పది శాతం లోపే. దాని అసలు బలం ఊగాక కట్టడాన్ని మొదటి చోటికి తేవడం, పైకి వెళ్లే బలానికి హద్దు పెట్టడం. 1997 భూకంపం తర్వాత ఇటలీలో అస్సిసి బసిలికా మరమ్మతులో వాడినా, సియాటిల్‌లో ఒక వంతెన స్తంభాల్లో కడ్డీలుగా పెట్టినా చూసుకున్నది అదే. రోజూ లక్షల సార్లు ఊపే గాలికైతే 5 శాతం స్ట్రెయిన్ మీద నడిపే తీగ పనికిరాదు, కొన్ని వేల సైకిళ్లకే అలసి తెగుతుంది.