డైవింగ్ లైటు సొంతంగా చేసుకోవచ్చు, కాని ముందు ఖాళీ గొట్టాన్ని పరీక్షించండి

స్కూబా డైవింగుకు పనికివచ్చే లైటును ఇంట్లోనే తయారుచేసుకోవచ్చా, చేసుకుంటే ఎన్ని లూమెన్ల (వెలుగు ఎంతో చెప్పే కొలత) ఎల్‌ఈడీ పెట్టాలి అని మీరు అడిగారు. తప్పకుండా చేసుకోవచ్చు. నేను రెండు చేశాను. మొదటిది విశాఖ ఋషికొండకు ఎదురుగా సముద్రంలో 18 మీటర్ల లోతున నీళ్లు తాగింది, రెండోది ఇప్పటికీ నాతో నీళ్లలోకి దిగుతోంది. లూమెన్ల సంగతి చివర చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో అది చివర తేల్చుకోవలసిన విషయం.

మొదటి లైటును ఎంతో శ్రద్ధగా చేశాననే అనుకున్నాను. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో అల్యూమినియం కడ్డీని తొలిపించి గొట్టంగా చేయించాను. ముందువైపు 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న అక్రిలిక్ బిళ్ల, వెనుకవైపు మరమూత, ఆ మూతకు ఒకే ఒక ఓ-రింగు (గాడిలో కూర్చుని నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం), లోపల రెండు 18650 సైజు (18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు) లిథియం సెల్లులు. రాత్రంతా బకెట్టు నీళ్లలో ముంచి ఉంచి, తెల్లవారాక విప్పి చూస్తే లోపల చెమ్మ కూడా కనిపించలేదు. ఆ బకెట్టును నమ్మడమే నేను చేసిన తప్పు. జానెడు నీటిలో ఒత్తిడి లేనట్టే లెక్క. సముద్రంలో దిగే ప్రతి పది మీటర్లకూ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతూ పోతుంది కాబట్టి, 18 మీటర్ల దగ్గర నా చిన్న బిళ్ల మీద దాదాపు 35 కిలోల బరువు పడుతుంది. 30 మీటర్లకు వెళితే ఆ బరువు 60 కిలోలకు చేరుతుంది, అంటే ఒక మనిషి దాని మీద ఎక్కి నిలబడినంత.

ఆ రోజు ఒక రాతి అంచు కింద చూద్దామని లైటు వేశాను. నీరు ఎరుపు రంగును అన్నిటికంటే ముందు మింగేస్తుంది కాబట్టి, ఆ లోతులో అంతా నీలం, బూడిదరంగుల్లోనే కనిపిస్తుంది. లైటు పడగానే రాతి అడుగున బూడిద పూసినట్టున్న స్పాంజి ఒక్కసారిగా నిప్పుకణికలా ఎర్రబడింది. ఆ రంగును చూడాలనే నేను ఇన్ని నెలలు ఈ పని మీద కూర్చున్నాను. నిమిషం గడవకముందే వెలుగు వణికింది. లైటును నావైపు తిప్పుకుని చూస్తే బిళ్ల వెనుక ఒక నీటిగీత మెల్లగా పైకి వస్తోంది. వెంటనే ఆర్పాను, కాని ఆర్పినంత మాత్రాన లోపల జరిగేది ఆగదు.

పడవ ఎక్కేసరికి గొట్టం చేతికి వెచ్చగా తగిలింది. మా ఇన్‌స్ట్రక్టర్ అది చూసి, మూత వైపు ఎవరి ముఖమూ ఉండకూడదని అందరినీ పక్కకు జరిపి, సముద్రం వైపుకు తిప్పి నెమ్మదిగా వదులు చేయమన్నారు. మూత సగం చుట్టు తిరిగేసరికి, ప్రెషర్ కుక్కరు వెయిట్‌ను గరిటెతో ఎత్తినప్పటిలా బుస్సుమని గాలి వచ్చింది. సెల్లుల కొనల మధ్య ఉప్పునీరు చేరితే విద్యుత్తు ఆ నీటినే విడగొట్టి హైడ్రోజన్ పుట్టిస్తుంది, బిగించిన గొట్టంలో ఆ వాయువుకు పోయే దారి ఉండదు. మర పూర్తిగా వదిలే దాకా గబగబా తిప్పి ఉంటే ఆ మూత బుల్లెట్టులా ఎగిరి ఉండేది. సొంతంగా లైట్లు చేసుకునేవారికి ఈ ప్రమాదం గురించి ఎవరూ చెప్పకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇంటికి వచ్చి రింగును తీసి చూశాను. దాని మీద అడ్డంగా, బొటనవేలి గోరంత కూడా లేని నూలుపోగు ఒకటి అంటుకుని ఉంది. పడవ మీద సెల్లులు మార్చినప్పుడు ఆ రింగును నా చేతులతోనే తువ్వాలుతో తుడిచాను.

రెండో లైటుకు వేరే షాపుకు వెళ్లాను. అక్కడి మేస్త్రీ గారు లారీల హైడ్రాలిక్ సిలిండర్లు బాగుచేసే పెద్దాయన. పాత గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, "రింగు మంచిదే బాబూ, గాడి గరుకుగా ఉంది. గోరుతో గీరి చూడు, తగులుతోంది కదా" అన్నారు. నిజంగానే తగిలింది. అంటే తప్పు నూలుపోగుది మాత్రమే అని సరిపెట్టుకోవడానికి వీలు లేకపోయింది. ఆయన ఈసారి రెండు గాడులు తీశారు. 3 మిల్లీమీటర్ల మందం రింగుకు గాడి లోతు 2.4 మిల్లీమీటర్లు, వెడల్పు 4 మిల్లీమీటర్లు, దాంతో రింగు ఐదో వంతు నలిగి కూర్చుంటుంది. మూత అంచులో ఒక సన్నని రంధ్రం కూడా వేయించాను. మర ఇంకా మూడు చుట్లు పట్టి ఉండగానే రింగులు ఆ రంధ్రాన్ని దాటుతాయి, లోపల వాయువు చేరి ఉంటే మూత ఎగరకముందే బయటికి పోతుంది. స్విచ్చి కోసం గొట్టానికి బెజ్జం పెట్టకుండా, లోపల అయస్కాంతం దగ్గరికి వస్తే పనిచేసే రీడ్ స్విచ్చి, బయట జరిపే అయస్కాంతం వాడాను.

ఆ తరువాత బకెట్టు జోలికి పోలేదు. ప్లంబర్లు కొత్త పైపులైన్లను పరీక్షించే చేతిపంపును అద్దెకు తెచ్చి, నాలుగు అంగుళాల ఇనుప గొట్టానికి తగిలించి, అందులో గాలి లేకుండా నీళ్లు నింపి, సెల్లులు లేని ఖాళీ లైటులో ఒక టిష్యూ కాగితం పెట్టి ముంచాను. పంపు మీది ఒత్తిడి ముల్లును చదరపు సెంటీమీటరుకు 5 కిలోల దగ్గర అరగంట నిలిపాను, అది 50 మీటర్ల లోతుతో సమానం. విప్పినప్పుడు కాగితం గలగలలాడింది. ఆ చప్పుడు విన్నాకే సెల్లులు కొన్నాను.

సెల్లుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 18650 సైజులో 9900 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం అని ముద్రించి అమ్మేవి పచ్చి అబద్ధాలు, మంచి కంపెనీ సెల్లుల్లో కూడా ఎక్కువ భాగం 3500 దగ్గరే ఆగిపోతాయి. అలాగే టార్చి మీద ఐపీ68 (దుమ్ము, నీరు లోపలికి చొరబడవని చెప్పే గుర్తు) అని రాసి ఉంటే డైవింగుకు పనికివస్తుందని నమ్మించే అమ్మకందారుల మీద నాకు నిజంగా కోపం. ఆ గుర్తు ఎంత లోతుకు, ఎంతసేపటికి అన్నది తయారీదారే నిర్ణయించుకుంటాడు, చాలాసార్లు అది ఒకటి రెండు మీటర్లు దాటదు.

ఇక లూమెన్లు. వెయ్యి చాలు. ఒడ్డుకు దగ్గరలో మన నీళ్లలో మడ్డి తేలుతూ ఉన్న రోజున మూడువేల లూమెన్ల వెడల్పాటి వెలుగు వేస్తే, తెల్లవారుజామున లంబసింగి పొగమంచులో హై బీమ్ వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కినట్టే ఉంటుంది, ఎదుట తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. వెలుగు సన్నగా, సూటిగా ఉండేలా రిఫ్లెక్టరును ఎంచుకోండి. రాత్రి డైవింగుకు మాత్రం కంపెనీ లైటు మరొకటి జేబులో ఉండాలి, నేను అది లేకుండా రాత్రి నీళ్లలోకి దిగను.

మీరు విశాఖలో ఉంటే నైట్రైల్ అనే రబ్బరుతో చేసిన రింగుల కోసం హైడ్రాలిక్ సీళ్లు అమ్మే కొట్లకు వెళ్లండి, గాడి కొలత కాగితం మీద రాసుకుని వెళ్లి అర డజను తెచ్చుకోండి. రింగును బట్టతో తుడవకుండా మంచినీటితో కడిగి, ఆరాక శుభ్రమైన వేలితో చుట్టూ తడిమి చూసి, మెరుపు కనిపించేంత పలుచగా మాత్రమే సిలికాన్ గ్రీజు రాయండి. మీ గొట్టం కొలతలు ఇక్కడ రాస్తే, బిళ్ల ఎంత మందం ఉండాలో లెక్క వేసి చెబుతాను.