జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో కార్లు, కాల్పులు కాక కథంటూ ఉందా?

అమీర్‌పేట నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి ఈ ఆట ఆడిన మా తరంలో చాలామంది చీట్ కోడ్లు (ఆటలో అడ్డదారి సదుపాయాలిచ్చే రహస్య అక్షరాలు) కొట్టి యుద్ధట్యాంకులు దింపుకున్నారే తప్ప కథ జోలికి వెళ్ళలేదు కాబట్టి, మీకు ఈ సందేహం రావడం సహజమే. కథ ఉంది, నా దృష్టిలో ఆటకు ప్రాణం అదే.

2004లో రాక్‌స్టార్ అనే గేమ్ కంపెనీ విడుదల చేసిన ఈ వీడియో గేమ్ 1992 నాటి ఒక కల్పిత అమెరికన్ రాష్ట్రంలో జరుగుతుంది. అందులోని మూడు నగరాలు లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ వేగాస్‌లకు నకళ్ళు. ఐదేళ్ళుగా ఊరికి దూరంగా ఉండి, తల్లి హత్యకు గురైందని తెలిసి ఇంటికి బయలుదేరిన కథానాయకుడు కార్ల్ జాన్సన్‌ను అవినీతి పోలీసు అధికారి టెన్‌పెన్నీ దారిలోనే ఆపి, చేతిలోని డబ్బు లాక్కొని, చేయని హత్యను అంటగడతానని బెదిరించి, శత్రు ముఠా పేటలో దించేసి పోతాడు. అక్కడ కనబడిన సైకిలెక్కి అతడు తన వీధికి చేరుకునే ఆ కాసేపట్లోనే అసలు విషయం అర్థమవుతుంది: చట్టం కాపాడదు, సొంత పేట తప్ప దిక్కులేదు. ఆ పేటనూ నమ్మలేమన్న సంగతి, మాదకద్రవ్యాల డబ్బుకు ఆశపడి స్నేహితుడు బిగ్ స్మోక్ చేసిన ద్రోహంతో బయటపడుతుంది.

నడుమ ఎడారిలో సాగే మిషన్లలో (ఆటగాడు పూర్తి చేయాల్సిన పనుల్లో) కథ కాస్త దారి తప్పిన మాట నిజమే. అయితే టెన్‌పెన్నీపై కేసు వీగిపోగానే నగరం భగ్గుమనే చివరి ఘట్టం, రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి కొట్టిన పోలీసులకు శిక్ష పడకపోవడంతో 1992లో లాస్ ఏంజెలెస్‌లో చెలరేగిన అల్లర్లను గుర్తుచేస్తుంది.