పాఠకుల ప్రశ్నలు: కరాటే మానేయాలా, సాధన మార్చుకోవాలా?

ప్రశ్న: ఆరేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నాను. కటాలు (ఒంటరిగా చేసే కదలికల వరసలు), పాయింట్ స్పారింగ్ (దెబ్బకు పాయింట్ ఇచ్చే సాధన పోరు) బాగానే వచ్చు. కానీ ఎంఎంఏ (రకరకాల యుద్ధ విద్యలు కలిపి తలపడే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) పోటీలు చూసినప్పటి నుంచి, ఎవరైనా కాళ్లు పట్టి పడేస్తే ఏం చేయాలన్న దిగులు పట్టుకుంది. కరాటే మానేయమంటారా?

జవాబు: మానొద్దు, సాధన తీరు మార్చుకోండి. 1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన తొలి యూఎఫ్‌సీ ఎంఎంఏ పోటీలో జియు-జిట్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైన ముగ్గురిని ఒకే రాత్రి నేల మీదికి లాగి లొంగదీశాడు. మీ దిగులు అప్పుడు చాలామందికి పట్టుకున్నదే. అలాగని కరాటే తీసిపారేయాల్సిన విద్య కాదు. షోటోకాన్ కరాటేలో పెరిగిన ల్యోటో మచీడా 2009లో అదే యూఎఫ్‌సీలో లైట్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. దూరాన్ని అంచనా వేయడం, అదను చూసి కొట్టి వెంటనే బయటపడటం మీకు ఇప్పటికే అలవాటైన పనులు. మీకు లేనిదల్లా నిజంగా ఎదురుతిరిగే మనిషితో సాధన. జూడోలో రందోరి పేరుతో అది ఎప్పటి నుంచో ఉంది. మిగతా విద్యల వాళ్లు కూడా దాన్ని పట్టించుకోక తప్పని పరిస్థితి ఎంఎంఏ తెచ్చింది. మా దృష్టిలో ఎంఎంఏ చేసిన అసలు మేలు ఇదే.

ముందు స్టాన్స్ (నిలబడే తీరు) సరిచేసుకోండి. ముందుకాలి మీద బరువంతా వేసి, పాదాలు ముందుకూ వెనక్కీ బాగా ఎడంగా పెట్టి నిలబడితే ఆ కాలు పట్టుకోవడం తేలిక, తొడ మీదికి వచ్చే కిక్‌ను కాచుకోవడం కష్టం. పాదాల ఎడం కాస్త తగ్గించి, బరువు రెండు కాళ్లకూ పంచండి. పంచ్ వేశాక చేయి నడుము దగ్గరికి కాదు, చెంప దగ్గరికి రావాలి.

తర్వాత స్ప్రాల్. ఎదుటివాడు కాళ్ల మీదికి దూకగానే రెండు కాళ్లనూ వెనక్కి విసిరి, నడుమును కిందికి దించి, మీ బరువంతా అతని భుజాల మీద పడేయాలి. కొత్తవాళ్లు నడుము దగ్గర వంగి చేతులతో నెడతారు. కాళ్లు ఉన్నచోటే ఉండిపోతాయి కాబట్టి అతని చేతులు మోకాళ్ల వెనక్కి చేరిపోతాయి, ఇక పడటమే. తోటి సాధకుడితో మ్యాట్ మీద మూడు నిమిషాల రౌండ్లు మూడు చేయండి. అతను పడేయడానికే చూడాలి, మీరు ఆపడానికే చూడాలి. మొదటి రౌండ్‌లో అతను మూడోవంతు బలమే వాడాలి, ఆపైన పెంచుకుంటూ పోవచ్చు.

పడితే లేవడం కూడా నేర్వాలి. ఒక చేయి వెనక ఆనించి, రెండో వైపు పాదం నేల మీద పెట్టి, నడుము లేపి, మిగిలిన కాలిని కింది నుంచి వెనక్కి లాగి నిలబడాలి. బోర్లా తిరిగి లేస్తే వీపు అప్పగించినట్టే, మెడకు చేయి చుట్టుకుంటుంది. ఇంకో మాట: ఎంఎంఏ పోటీ జరిగే బోనులో రిఫరీ ఉంటాడు, ప్రత్యర్థి ఒక్కడే. బయట గట్టి నేల మీద కావాలని వెల్లకిలా పడుకుని పోరాడే ఆలోచన పెట్టుకోవద్దు.

ప్రశ్న: పోటీల్లోలాగా వారంలో రోజూ గట్టిగా స్పారింగ్ చేస్తే త్వరగా వస్తుందా?

జవాబు: రాదు, తలకు దెబ్బలు పేరుకుంటాయి. పోటీల్లో వాడే నాలుగు ఔన్సుల గ్లవ్స్ పోటీకే ఉంచి, పంచ్‌ల సాధనకు పదహారు ఔన్సులవి తీసుకోండి. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది కానీ లోపల మెదడు కుదుపును ఆపలేదు. ఎక్కువ రౌండ్లు తేలిగ్గానే సాగనివ్వండి. దెబ్బ తర్వాత తలనొప్పి, వాంతి, చూపు మసకబారడం లాంటివి ఉంటే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. ఆయన సరేననే దాకా స్పారింగ్ వద్దు. చోక్ (మెడ బిగించే పట్టు) పడ్డాక కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు, కాబట్టి పట్టు బిగిసిందని తెలియగానే ట్యాప్ చేయండి (లొంగిపోయినట్టు చేత్తో తట్టండి). మీరు పట్టినవాళ్లు ట్యాప్ చేసిన మరుక్షణం వదిలేయండి.