స్పానిష్‌లో మాట ఇవ్వడం, నిలబెట్టుకోవడం గురించి ఎలా మాట్లాడాలి?

'ప్రొమెతేర్' (మాట ఇవ్వడం) అనే క్రియ తెలిసినా వాక్యంలో పెట్టేసరికి తడబడుతున్నానని మీరు రాశారు. మెక్సికో టీమ్‌తో స్పానిష్‌లోనే మాట్లాడే ఉద్యోగం నాది. గడువులు, హామీలు రోజూ నడుస్తుంటాయి కాబట్టి ఈ విషయం బాగా అలవాటైంది.

ముందుగా 'తే లో ప్రొమేతో' (నీకు మాట ఇస్తున్నా) అన్న మాటను విడదీయకుండా అలాగే నోటికి పట్టించండి. మీరు అని గౌరవించాల్సిన వాళ్లతో అయితే 'సే లో ప్రొమేతో'. పని చేసేది మీరే అయితే 'ప్రొమేతో యమార్తే' చాలు, ఫోన్ చేస్తానని మాట ఇచ్చినట్టే. 'తే ప్రొమేతో కే తే బోయ్ ఆ యమార్' అన్నా అదే అర్థం. 'కే' (మన 'అని' లాంటిది) కనిపించగానే సబ్‌జంక్టివ్, అంటే కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం, పెట్టాలేమోనని టెన్షన్ పడకండి, ఇక్కడ అక్కర్లేదు.

మన తెలుగువాళ్లకు అసలు చిక్కు, వేరేవాళ్లు ఇచ్చిన మాటను చెప్పేటప్పుడు వస్తుంది. 'శనివారం వస్తానని మాట ఇచ్చింది' అంటాం. ఆవిడ నోటి మాట 'వస్తాను' మన వాక్యంలో అలాగే ఉండిపోతుంది. దాన్ని ఉన్నదున్నట్టు స్పానిష్‌లోకి దించి 'మే ప్రొమెతియో కే బెన్‌ద్రే' అంటే, వచ్చేది నేనే అన్న అర్థం వస్తుంది! అక్కడ మనిషీ మారాలి, కాలమూ మారాలి: 'మే ప్రొమెతియో కే బెన్‌ద్రియా ఎల్ సాబదో'. మామూలు మాటల్లో 'కే ఇబా ఆ బెనీర్' కూడా బాగా వినిపిస్తుంది. ఆ శనివారం ఇంకా రాకపోతే 'బెన్‌ద్రా' అన్నా తప్పు కాదు. చేస్తానని, ఇస్తానని, కొంటానని... ఇలా మన ఇంట్లో రోజూ దొర్లే వాక్యాలనే తీసుకుని మార్చి చూడండి. వ్యాకరణం పుస్తకం కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

మాట నిలబెట్టుకోవడానికి 'కుంప్లీర్' వాడాలి. తప్పితే 'నో కుంప్లియో' అంటే సరిపోతుంది. 'కొంప్రొమీసో'ను మాత్రం ఇంగ్లీషు కాంప్రమైజ్ అనుకోకండి, దానికి కట్టుబడటం అని అర్థం. ఇస్తానన్నది తెచ్చి చేతిలో పెడుతూ 'లో ప్రొమెతీదో ఎస్ దేఉదా' అంటారు. అన్నమాట అప్పుతో సమానమని.

మెక్సికోవాళ్లతో మాట్లాడేటప్పుడు 'మాందా' అనే మాట కూడా వినిపిస్తుంది. అది అచ్చంగా మన మొక్కు. డిసెంబర్ 12న గ్వాదలూపే మాత (మరియ మాత) పండుగకు మెక్సికో సిటీలోని ఆవిడ బసిలికాకు, అంటే పెద్ద చర్చికి, వచ్చేవాళ్లలో కొందరు మోకాళ్ల మీద నడిచి మొక్కు తీర్చుకుంటారు. దానికీ ఇదే క్రియ, 'కుంప్లీర్ ఉనా మాందా'.