గ్యాస్ ఎటు పోయిందో అడుగు బిడ్డా

హన్మకొండ,
ఏప్రిల్ నెలాఖరు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కారులో ఏసీ చల్లగా రావట్లేదని, షాపులో చూపిస్తే కంప్రెసర్ పోయింది, ఇరవై రెండు వేలు అవుతుందన్నారని, నువ్వు సోమవారం డబ్బు కట్టేస్తావని చెప్పింది. కట్టకు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దబాపూ, సరే పెద్దబాపూ" అని పెట్టేస్తావని ఇట్లా రాస్తున్నా.

ముప్పై ఏళ్లు టాక్సీ నడిపినవాణ్ణి. మొదటి పదేళ్లు ఏసీ మొఖం చూడలేదు, అంబాసిడర్ కిటికీకి తడి తువ్వాల కట్టుకొని రామగుండం దాకా పోయేవాళ్లం. తర్వాత ఏసీ బండి కొన్నా. కొన్న రెండో ఎండకాలం మూడుసార్లు గ్యాస్ నింపించుకున్నా. పోయినప్పుడల్లా ఒకటే మాట, "గ్యాస్ అయిపోయిందన్నా." నేను కూడా పెట్రోల్ లెక్క అదీ అయిపోతుంది కాబోలు అనుకొని జేబులోంచి తీసి ఇచ్చేవాణ్ణి.

అది పెట్రోల్ కాదు బిడ్డా, మండిపోయేది కాదు. మూసిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని ఒత్తుతుంది, బంపర్ వెనకున్న కండెన్సర్‌లో దాని వేడి బయటికి పోతుంది, సన్న రంధ్రంలోంచి చిమ్మినప్పుడు చల్లబడి డ్యాష్‌బోర్డ్ వెనకున్న కూలింగ్ కాయిల్‌లోకి వస్తుంది, మళ్లీ కంప్రెసర్‌కే పోతుంది. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ల మీద కొంచెం కొంచెం ఇంకిపోవడం ఉంటుంది కానీ, ఒక్క ఎండకాలంలో ఖాళీ అయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. నాకు ఆ సంగతి కాజీపేటలో ఒక ముసలి మెకానిక్ చెప్పాడు. మీటర్లేమీ పెట్టలేదు, బానెట్ ఎత్తి టార్చ్ వేశాడు. కండెన్సర్‌కు పైపు కలిసే చోట అరచేతంత మేర నల్లగా, జిడ్డుగా, మన్ను అంటుకొని ఉంది. వేలితో తుడిచి చూపించాడు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది, దుమ్ము దానికి పట్టుకుంటుందట. లోపల ఒక రబ్బరు రింగు ఎండిపోయి పగిలింది. పది రూపాయల రింగు కోసం మూడుసార్లు గ్యాస్ డబ్బులు పోసిన!

నీ సంగతికి వస్తా. పోయిన మే నెలలో గ్యాస్ నింపించావు, మళ్లీ దసరాకు ముందు నింపించావు. అవునా? అంటే ఈసారి కూడా ముందు అనుమానం లీకు మీదే. కంప్రెసర్ మీద కాదు. ఎందుకో చెప్తా. గ్యాస్ బాగా తగ్గితే ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ను అసలు తిరగనివ్వదు, నూనె లేక పట్టేయకుండా కాపాడడానికే అది పెట్టారు. తిరగట్లేదు కాబట్టి పోయింది అంటే ఎట్లా? ఫ్యూజు పోయినా తిరగదు, కరెంటు అందించే చిన్న స్విచ్ డబ్బా, అదే రిలే, పోయినా తిరగదు, ఎలుక వైరు కొరికినా తిరగదు.

షాపుకు పోయే ముందు ఇంటి దగ్గర నువ్వే చూసుకో. పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, పక్కన ఎవరినైనా నిలబెట్టి ఏసీ బటన్ నొక్కు. కంప్రెసర్ దగ్గర "టక్" మని చప్పుడు రావాలి, పుల్లీ ముందున్న ప్లేటు తిరగాలి. దుపట్టా మాత్రం ఆ బెల్టు దగ్గరికి పోనీయకు. టక్ రాకపోతే ఫ్యూజు చూడు. చాలా కార్లలో హారన్ రిలే, ఏసీ రిలే ఒకటే రకం, అటుది ఇటు మార్చి చూడొచ్చు. టక్ వస్తే ముందున్న ఫ్యాన్ తిరుగుతోందా చూడు. లక్షెట్టిపేట రోడ్డు మీద పోతున్నంతసేపు చల్లగా ఉండి, మంచిర్యాల సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందంటే తప్పు ఆ ఫ్యాన్‌దో, కండెన్సర్‌కు పట్టిన మురికిదో అయ్యుంటుంది.

ఆ మురికిని తేలిగ్గా తీసుకోకు. ఎనుమాముల మార్కెట్‌కు రైతులను తీసుకుపోయిన రోజుల్లో నా బండి కండెన్సర్ తీసి చూస్తే పత్తి నూగు, మిరప తొక్కు, పురుగుల రెక్కలు కలిసి కంబళి ముక్కలాగా అంటుకొని ఉన్నాయి. గాలి దూరే సందు లేదు. నీ దగ్గర బొగ్గు దుమ్ము కూడా తోడు. మామూలు నల్లా పైపుతో మెల్లగా కడిగించు. సర్వీసింగ్‌లో ప్రెజర్ గన్ దగ్గరగా పెడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి, అప్పుడు గాలి ఇంకా పోదు.

గాలే తక్కువ వస్తోందంటే గ్లవ్‌బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ చూడు, కొన్ని వందల్లో అయిపోతుంది. బ్లోయర్, అంటే లోపలికి గాలి కొట్టే ఫ్యాన్, ఒక్క నాలుగో నంబర్ మీదే తిరిగితే దాని వేగం తగ్గించే రెసిస్టర్ పోయినట్టు. పక్క సీటు కింద కార్పెట్ తడిస్తే నీళ్లు పోయే సన్న పైపు మూసుకుంది, పుల్ల పెట్టి తీసేస్తారు. తడిసిన గోనెసంచి వాసన వస్తే దిగే ముందు రెండు నిమిషాలు ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రం నడిపించు, కాయిల్ ఆరుతుంది.

ఇక షాపు. పొద్దున్నే పో, పని అయ్యేదాకా అక్కడే కూర్చో, స్కూల్‌కు ఒక సెలవు పెట్టు. పోగానే "గ్యాస్ నింపండి" అనకు, "లీకు ఎక్కడో చూపించండి" అను. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూస్తే బుడగలు వస్తాయి, లేకపోతే రంగు వేసి నీలి లైటుతో చూస్తారు. కూలింగ్ కాయిల్‌లో లీకైతే డ్యాష్‌బోర్డ్ విప్పాలి, దానికి కూలీ గట్టిగానే అవుతుంది, అందులో మోసం లేదు. లీకు బాగుచేశాక వ్యాక్యూమ్ పెట్టాలి, అంటే మిషన్‌తో పైపుల్లోని గాలి, చెమ్మ లాగెయ్యాలి. కనీసం అరగంట. ఐదు నిమిషాల్లో మిషన్ తీసేసే చోటు నుంచి లేచి వచ్చెయ్. పైపుల్లో చెమ్మ మిగిలితే అది లోపల గడ్డకట్టి సన్న రంధ్రాన్ని మూసేస్తుంది, నూనెతో కలిసి లోహాన్ని కూడా తింటుంది. వ్యాక్యూమ్ ఆపాక మీటర్ ముల్లు కదలకుండా నిలబడిందా లేదా నీ కళ్లతో చూడు.

గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి. నీ బానెట్ కింద స్టిక్కర్ మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. ఆర్134ఏ అయితే అదే ఎక్కించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద బరువు పడుతుంది. చవగ్గా చేస్తామని వంటగ్యాస్ రకం ఎక్కించేవాళ్లు ఉన్నారు, అది మంటగ్యాస్, దగ్గరికి కూడా రానీయకు. లీకు మూసే మందు డబ్బా అన్నా వద్దను, అది లోపల బంకలా పేరుకుంటుంది.

ఇంతా చేసి, గ్యాస్ సరిగ్గా ఉండి, కంప్రెసర్ తిరుగుతూ ఉన్నా మీటర్‌లో రెండు వైపులా ప్రెజర్ ఇంచుమించు ఒకటే చూపిస్తే, లేదా లోపల గరగరమని చప్పుడు వస్తే, అప్పుడు కంప్రెసర్ పోయిందంటే నమ్ము. అది పట్టేసి ఇనుప పొడి వదిలి ఉంటే మాత్రం పైపులన్నీ కడగాలి, చెమ్మ పీల్చే డ్రయర్ మార్చాలి, కండెన్సర్ శుభ్రపడకపోతే అదీ మార్చాలి. ఉత్త కంప్రెసర్ ఒక్కటే బిగిస్తే ఆ పొడే కొత్తదాన్ని కూడా తినేస్తుంది. పాత సామాను నీ డిక్కీలో వేయించుకో. బిల్లు మీద గ్యారంటీ ఎన్ని నెలలో రాయించు, నోటిమాట వద్దు.

నిజానికి ఇదంతా శివరాత్రి నాటికే చూపించాల్సింది. ఇప్పుడు ప్రతి షాపు ముందు పది బండ్లు ఉంటాయి, రోహిణి కార్తెలో ఇంకా ఎక్కువ. చలికాలంలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ నడిపించు, సీళ్లకు నూనె అంది ఎండిపోకుండా ఉంటాయి.

రేపు పొద్దున వెలుతురులో బానెట్ స్టిక్కర్ ఫొటో, ఆ రెండు పాత గ్యాస్ బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో పంపు. టక్ మని చప్పుడు వచ్చిందో లేదో కూడా రాయి. వీలైతే ఆదివారం ఇటే రా, ఎండ ముదరకముందే చేరేలా ఆరింటికి బయల్దేరు. కాజీపేట ముసలాయన ఇప్పుడు లేడు, ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లగాడు ఉన్నాడు, నేను పక్కన కూర్చుంటా.

నీ పెద్దబాపు