మామోగ్రామ్: భయపెట్టే మెసేజ్‌ను నమ్మాలా, శాతాలను నమ్మాలా?

ప్రశ్న: నా వయసు 51. ఆరోగ్యంగానే ఉన్నాను. మా ఇంట్లో ఎవరికీ క్యాన్సర్ రాలేదు. 'మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) చేయించుకోకపోతే ప్రాణాలకే ముప్పు' అని ఒక మెసేజ్ వచ్చింది. ఇంకోచోట 'ఈ పరీక్షతో రొమ్ము క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గుతాయి' అని చదివాను. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. పరీక్షకు వెళ్లాలన్నా భయమే. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఒంట్లో ఏదో మారినందుకు పుట్టిన భయం కాదిది, ఆ మెసేజ్ రాసిన తీరు వల్ల పుట్టింది. 'చేయించుకుంటే లాభం' అన్నా, 'చేయించుకోకపోతే నష్టం' అన్నా విషయం ఒక్కటే. కానీ మనసు నష్టానికే ఎక్కువ కదులుతుంది. 1987లో అమెరికాలో మేయరోవిట్జ్, చైకెన్ అనే పరిశోధకులు కాలేజీ అమ్మాయిలకు రొమ్ము స్వీయపరీక్షపై కరపత్రాలు ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత చూస్తే, నష్టం గురించి చదివినవారే దానిపై ఎక్కువ శ్రద్ధ చూపారు. తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మాత్రం ఆ తేడా చాలా చిన్నది. పైగా భయం అందరినీ ఆసుపత్రికి తీసుకురాదు. మీలా వెనకాడేవాళ్లూ ఉంటారు.

ఇక ఆ 20 శాతం సంగతి. 2012లో బ్రిటన్‌లో స్వతంత్ర నిపుణుల బృందం చెప్పిన అంకె అది. అదే బృందం మనుషుల లెక్కలోనూ చెప్పింది: 50 ఏళ్ల మహిళలు 10,000 మందిని 20 ఏళ్లపాటు స్క్రీనింగ్‌కు, అంటే లక్షణాలు లేకపోయినా చేసే మామోగ్రామ్‌కు పిలిస్తే 43 రొమ్ము క్యాన్సర్ మరణాలు తప్పుతాయి. రెండూ ఒకే లాభాన్ని చెబుతున్నా, వింటే ఒకటి కొండంతగా, రెండోది గోరంతగా అనిపిస్తుంది. ఆ 10,000 మందిలోనే మరో 129 మందికి, జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టని క్యాన్సర్ బయటపడుతుంది. అది ఎవరిదో ముందే చెప్పలేం కాబట్టి వాళ్లకూ చికిత్స చేస్తాం. ఈ మాట మెసేజ్‌లలో ఉండదు. దాచడం తప్పని నా గట్టి అభిప్రాయం. మహిళలకు రెండు వైపులా చెప్పాలి.

అన్నీ చూశాక కూడా మీ వయసులో రెండేళ్లకోసారి చేయించుకోమనే నా సలహా. మామోగ్రామ్ అయ్యాక మరికొన్ని పరీక్షలకు మళ్లీ రమ్మని పిలిస్తే క్యాన్సరేనని కంగారు పడకండి. బ్రిటన్ అనుభవం ప్రకారం 100 మందిలో నలుగురిని అలా పిలుస్తారు, వారిలో ఒకరికే క్యాన్సర్ తేలుతుంది.

ఈ లెక్కలన్నీ ఏ లక్షణాలూ లేనివారికే. రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాగినట్టున్నా, దాని నుంచి రక్తం వచ్చినా వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి, మొన్ననే మామోగ్రామ్ నార్మల్‌గా వచ్చినా సరే.