బీకామ్ చదివి మ్యూజియం క్యూరేటర్ కావచ్చా?

బీకామ్ చదివాను, బొమ్మలంటే ప్రాణం, బెంగళూరులోనే ఉంటున్నాను, క్యూరేటర్ కావచ్చా అని అడిగారు. కావచ్చు. నేనూ ఈ పనిలోనే ఉన్నాను, మాది హిందూపురం, నాది బీఏ హిస్టరీ. కాకపోతే పైన ఒక పీజీ ఉండాలి. వడోదర ఎమ్మెస్ యూనివర్సిటీలో మ్యూజియాలజీ (మ్యూజియం నడిపే చదువు), ఆర్ట్ హిస్టరీ రెండూ ఉన్నాయి. అర్హతలు ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. జీతం మొదట్లో తక్కువే, ఉద్యోగాలూ తక్కువే. ఇంట్లోవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

ఏ బొమ్మ ఏ గోడకు పెట్టాలో చూడటమే ఈ పని అనుకుని వచ్చాను. మొదటి రెండేళ్లూ స్టోర్‌రూమ్‌లోనే గడిచాయి. కాగితం మీద వేసిన బొమ్మకు వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) దాటకుండా చూస్తాం, ఎందుకంటే ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు. బొమ్మ వచ్చిన రోజే దాని మీదున్న మరక, మడత, చిరుగు అన్నీ కండిషన్ రిపోర్ట్‌లో రాయాలి. నేను మొదట పనిచేసిన చోట ఒక డ్రాయింగ్ మూలనున్న చిన్న మరకను రాయలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు "ఇది మీ దగ్గర పడిందా?" అని ఆ చిత్రకారుడి భార్య అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నాలుగు మూలలూ ఫొటో తీయందే సంతకం పెట్టను.

సమకాలీన కళలో ఇంకో సంగతి ఉంది. వేసినవాళ్లు చాలామంది మన మధ్యే ఉన్నారు, అడగొచ్చు. వీడియోతో చేసిన పని ఒకటి ఉందనుకోండి. ఆ పాత టీవీ పాడైతే కొత్తది పెట్టొచ్చా, లేక ఆ టీవీ కూడా కళలో భాగమా? ఈ జవాబు వాళ్ల నోటి నుంచే విని రాసి పెట్టుకోవాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

మీ బెంగళూరులోనే ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు మాన్షన్‌లో 2009 నుంచి ఎన్‌జీఎంఏ (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్) ఉంది. కస్తూర్బా రోడ్డులో మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ) 2023లో తెరిచారు. జనవరిలో కుమారకృపా రోడ్డులో చిత్రసంతె అనే బొమ్మల సంత జరుగుతుంది, అక్కడ చిత్రకారులతో నేరుగా మాట్లాడండి. ముందుగా ఎన్‌జీఎంఏకి వెళ్లండి, సోమవారం సెలవు. ఒక్క బొమ్మ ముందే అరగంట కూర్చుని, కనిపించింది తెలుగులోనే రెండు పేజీలు రాయండి. నన్ను ఇంటర్వ్యూలో డిగ్రీ గురించి ఒక్క ప్రశ్నే అడిగారు, మిగతా సమయమంతా అలా రాసుకున్న పేజీల గురించే మాట్లాడారు. రాశాక ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.